ఊపిరి ఖర్చుకు లెక్క చూపిన తెలుగు వైద్యుడు – యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మన హాస్టల్ పిల్లలకు కొత్తది కాదు. గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ పరీక్షకో చదివే అన్నల పుస్తకాల్లో ఆయన ఒక బిట్టు. ఫోలిక్ ఆమ్లం పక్కన ఒకసారి, టెట్రాసైక్లిన్ పక్కన ఒకసారి ఆయన పేరు పెట్టుకుని బట్టీ పడతాం. బిట్టుకు మార్కు వస్తుంది గానీ మనిషి అర్థం కాడు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితం కొంచెం నిదానంగా చెప్పుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను చదివింది జంతుశాస్త్రం. అందులోనూ చేపల గురించి ఎక్కువగా చదివాను. ఆక్సిజన్ తక్కువైన నీళ్లలో చేప ఎలా బతుకుతుంది అనేది మా పాఠాల్లో పెద్ద అంశం. సుబ్బారావు గారు చేపల మీద పరిశోధన చేయలేదు. కానీ చేప ఒంట్లో శక్తి ఎంత వస్తోంది, ఎంత పోతోంది, నిల్వ ఎంత ఉంది అని ఈ రోజు మనం లెక్క కట్టగలుగుతున్నామంటే, ఆ లెక్కకు కావలసిన నాణేన్నీ తూకాన్నీ చూపించిన కొద్దిమందిలో ఆయన ఒకరు. అందుకే ఆయన కథనూ మన చెరువు చేప కథనూ కలిపి చెబుతాను.

మూడోసారికి పాసైన విద్యార్థి

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడి ఉద్యోగం ముందుగానే వదులుకోవలసి రావడంతో ఇల్లు గడవడం కష్టమైంది. చదువు మీద సుబ్బారావుకు మొదట్లో మనసు నిలవలేదు. పదమూడేళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుని డబ్బు సంపాదించాలని ఇంట్లో చెప్పకుండా బయలుదేరాడు. తల్లి వెతికి పట్టి వెనక్కి తెచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది.

బడిలో కూర్చున్నా మెట్రిక్యులేషన్ అందలేదు. ఒకసారి తప్పాడు. రెండోసారీ తప్పాడు. ఈ లోపల తండ్రి చనిపోయారు. అయినా తల్లి పట్టు వదల్లేదు. ఒంటి మీది బంగారం అమ్మి కొడుకును మద్రాసు పంపిందని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. అక్కడి హిందూ హైస్కూల్ నుంచి మూడోసారి రాసి మెట్రిక్ గట్టెక్కాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు.

తమ్ముళ్లారా, ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సుబ్బారావు గారిది చదువు ఎరిగిన కులం. పేదరికం ఉన్నా, పుస్తకం ఇంటికి పరాయిది కాదు. మనలో చాలామందికి పరీక్ష ఫీజు ఎప్పుడు కట్టాలో చెప్పేవాళ్లు కూడా ఇంట్లో ఉండరు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ని నేనే. అప్లికేషన్‌లో తండ్రి విద్యార్హత అని ఉన్న గడిలో గీత గీసే అలవాటు నాకు తెలుసు. కాబట్టి ఆయన బతుకూ మన బతుకూ ఒకటే అని నేను అనను. కానీ రెండుసార్లు తప్పిన పిల్లవాడికి మూడోసారి రాసే అవకాశం దొరకడం ఎంత పెద్ద విషయమో, ఆ అవకాశం వెనుక ఇంకొకరి ఒంటి బంగారం ఎలా కరిగిపోతుందో మన ఇళ్లకు బాగా తెలుసు.

ఖద్దరు కోటు, తక్కువ పట్టా

మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో స్నేహితులు, ఆ తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణ మూర్తి గారు ఆయన ఖర్చులు చూసుకున్నారు. 1919లో సూర్యనారాయణ మూర్తి గారి అమ్మాయి శేషగిరితో పెళ్లయింది. అంతకుముందు రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలని సుబ్బారావు గారికి బలంగా ఉండేది. తల్లి ఒప్పుకోకపోవడంతో అది ఆగిపోయింది.

అది గాంధీజీ పిలుపుతో ఊరూరా విదేశీ బట్టలు వదిలేస్తున్న కాలం. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరు కోటే వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా ఇవ్వకుండా, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్‌తో పంపించారు. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే దొరకలేదు. చివరికి డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే లెక్చరర్‌గా కుదిరారు.

ఇంట్లో ఇంకో దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో చనిపోయారు. పేగులు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వని జబ్బు అది. మనిషి తింటూనే చిక్కి, రక్తం తగ్గి పోతాడు. డాక్టర్ ఇంట్లో ఉండగానే ఇద్దరు పోయారు, మందు మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆ మందు వెతకాలన్న పట్టుదలతోనే ఆయన పరిశోధన వైపు తిరిగారు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. మామగారు కొంత డబ్బు కూడగట్టారు. 1922 అక్టోబరు 26న సుబ్బారావు గారు అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశపు వ్యాధుల డిప్లొమాకు చేరినా చేతిలో పైసా నిలవలేదు. ఆసుపత్రిలో రాత్రిళ్లు వార్డు పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం ఆ పనిలో భాగం. పట్నంలో చదువుకుంటూ రాత్రిపూట ఏటీఎం దగ్గర కాపలా కాసిన మన అన్నలకు ఈ సంగతి వేరుగా వివరించక్కర లేదు.

పరీక్షనాళికలో నీలి రంగు

డిప్లొమా అయ్యాక ఆయన హార్వర్డ్‌లోనే ఆటో ఫోలిన్ నడుపుతున్న జీవరసాయన శాస్త్ర విభాగంలో చేరారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి పని మొదలుపెట్టారు. మొదటి పని చూడడానికి చిన్నదే. రక్తంలో, మూత్రంలో, కండలో ఫాస్పరస్ ఎంత ఉందో తేలికగా, కచ్చితంగా కొలవాలి. 1925లో ఇద్దరూ కలిసి ఒక పద్ధతి ప్రకటించారు. కొలవాల్సిన ద్రవంలో మాలిబ్డేట్ కలిపి, తర్వాత ఇంకో రసాయనం కలిపితే నీలి రంగు వస్తుంది. ఫాస్పేట్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. రంగు కొలిస్తే ఫాస్పరస్ తెలిసిపోతుంది.

దాని పేరు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. దాదాపు వందేళ్లయినా అది ఇంకా పాఠాల్లో ఉంది. పీజీ ప్రాక్టికల్స్‌లో నేను కూడా ఆ పద్ధతిలో లెక్క కట్టాను. రికార్డు నిండా తెల్లదొరల పేర్లే రాసుకుంటూ పోతుంటే మధ్యలో సుబ్బారావు అన్న పేరు రాగానే పక్కనున్న స్నేహితుడికి చూపించాను. మన వైపు ప్రతి ఊళ్లో ఒకరికైనా ఉండే పేరు అది.

ఈ పద్ధతి చేతికి వచ్చాకే అసలు కథ మొదలైంది. పిల్లి కండ నుంచి తీసిన రసంలో ఫాస్పేట్ కొలుస్తుంటే రంగు రావలసినంత త్వరగా రాలేదు. వచ్చింది కూడా ఒక్కసారిగా రాకుండా అరగంట దాకా మెల్లగా ముదురుతూ పోయింది. ఇంకొకరైతే మందు పాతదైందనో, చెయ్యి తప్పిందనో అనుకుని మళ్లీ మొదలుపెట్టేవారేమో. వీళ్లిద్దరూ ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండలో ఏదో పదార్థం ఫాస్పేట్‌ను పట్టుకుని ఉంది, పరీక్షనాళికలోని ఆమ్లంలో అది మెల్లగా విడిపోతోంది, అందుకే రంగు మెల్లగా వస్తోంది అని ఊహించి వెతికారు. దొరికింది ఫాస్పోక్రియాటిన్. 1927లో ఆ సంగతి ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడా విడిగా దాన్ని గుర్తించారు.

కండకు విద్యుత్తుతో పని పెడితే ఫాస్పోక్రియాటిన్ తగ్గింది. విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరిగింది. అంటే అది పని వేళ ఖర్చు పెట్టి, తీరిక వేళ నింపుకునే నిల్వ. అప్పటిదాకా కండ కదలడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని శాస్త్రవేత్తలు నమ్మేవారు. కండల మీద చేసిన పరిశోధనకు ఎ.వి. హిల్‌కు, ఆటో మేయర్‌హాఫ్‌కు 1922 నోబెల్ బహుమతి వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు. ఆ నమ్మకం కదలడానికి ఫాస్పోక్రియాటిన్ ఒక పెద్ద కారణం.

1929లో ఫిస్కే, సుబ్బారావు ఇంకో పదార్థాన్ని కండ నుంచి వేరు చేసి ప్రకటించారు. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. మరుసటి ఏడాది 1930లో సుబ్బారావు గారికి పీహెచ్‌డీ వచ్చింది. జీవకణాల్లో శక్తి మార్పిడికి ఏటీపీయే సాధారణ నాణెం అన్న సంగతిని 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ లాంటివారు స్పష్టంగా వివరించారు.

నాణెం, గల్లాపెట్టె, బాకీ

ఏటీపీని మన కిరాణాకొట్టు లెక్కలో చెప్పుకుందాం. జేబులో చిల్లర ఉంటే అప్పటికప్పుడు ఖర్చు పెట్టొచ్చు. కణానికి ఆ చిల్లర ఏటీపీ. కండ ముడుచుకోవాలన్నా, నరం కబురు పంపాలన్నా, కణం లోపలి ఉప్పూ బయటి ఉప్పూ వాటి వాటి చోట ఉండాలన్నా ఏటీపీ చెల్లించాలి. చిల్లర ఎప్పుడూ కొద్దిగానే ఉంటుంది. పక్కన గల్లాపెట్టెలో ఇంకొంచెం ఉంటుంది, అది ఫాస్పోక్రియాటిన్. చిల్లర అయిపోగానే ఫాస్పోక్రియాటిన్ తన ఫాస్పేట్ ఇచ్చి ఏటీపీని నింపుతుంది. కబడ్డీలో కూతకు పోయినవాడు గీత తాకి వెనక్కి దూకే ఆ కొద్ది సెకండ్లు నడిచేది ఈ గల్లాపెట్టె మీదే.

గల్లాపెట్టె కూడా ఖాళీ అయితే సంపాదన కావాలి. ఆక్సిజన్ ఉంటే ఒక్క గ్లూకోజ్ అణువు నుంచి దాదాపు 30 ఏటీపీలు వస్తాయి. ఆక్సిజన్ లేకపోతే వచ్చేవి 2 మాత్రమే. పైగా లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. తర్వాత ఊపిరి అందినప్పుడు ఆ లాక్టిక్ ఆమ్లాన్ని వదిలించుకోవడానికీ, గల్లాపెట్టె నింపుకోవడానికీ అదనంగా ఆక్సిజన్ వాడాలి. పుస్తకాల్లో దీన్ని ఆక్సిజన్ బాకీ అంటారు. పరుగు ఆపిన తర్వాత కూడా మనం రొప్పుతూ ఉండేది ఆ బాకీ తీర్చడానికే.

మన చెరువులో చేప చేసే సర్దుబాటు

ఇప్పుడు మన చెరువు దగ్గరికి పోదాం. ఒక లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడి ఉన్న ఒక లీటరు మంచినీటిలో ఎంత నిండుగా కరిగినా ఉండేది ఏడున్నర మిల్లీగ్రాములే. చేప ఎప్పుడూ కరువులోనే కాపురం చేస్తుందన్న మాట. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కేకొద్దీ ఆ కొద్ది ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. అదే సమయంలో చేప ఒంటి ఖర్చు పెరుగుతుంది. రాబడి తగ్గి ఖర్చు పెరిగే రోజులవి.

పగలు నీళ్లలోని నాచు ఎండ సాయంతో ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి నాచు కూడా చేపల్లాగే ఆక్సిజన్ వాడుకుంటుంది. అందువల్ల సూర్యుడు పొడిచే ముందు చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. మబ్బు పట్టిన రోజుల తర్వాత తెల్లవారుజామున బొచ్చెలూ రవ్వలూ నీటి మీదికి తేలి నోళ్లు తెరవడం మత్స్యకారులకు తెలిసిన ప్రమాద సూచన. గాలికి తగిలే పై పొర నీటిలో ఆక్సిజన్ కాస్త ఎక్కువుంటుంది కాబట్టి అవి అక్కడికి వస్తాయి.

ఆక్సిజన్ తగ్గిందని తెలియగానే చేప ముందు మొప్పల మీదుగా నీళ్లు ఎక్కువగా తోడుతుంది. చాలా చేపల్లో గుండె నెమ్మదిస్తుంది. రక్తంలో ఇంకో చిత్రం జరుగుతుంది. చేపల ఎర్ర రక్తకణాల్లో ఉండే ఏటీపీ, దాని తోబుట్టువు లాంటి జీటీపీ హిమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకుని, ఆక్సిజన్ మీద దాని పట్టును సడలిస్తాయి. నీళ్లలో ఆక్సిజన్ తగ్గిన కొద్ది గంటల నుంచి రోజుల్లో చేప ఈ రెండింటినీ ఎర్ర కణాల్లో తగ్గించుకుంటుంది. పట్టు బిగుసుకుంటుంది. పలచని నీళ్ల నుంచి కూడా ఆక్సిజన్‌ను లాక్కోగలుగుతుంది. సుబ్బారావు గారు కండలో చూసిన ఏటీపీ చేప రక్తంలో ఇలా ఇంకో పని కూడా చేస్తోంది.

ఇది చాలకపోతే చేప ఖర్చు తగ్గిస్తుంది. ముందు మేత మానుతుంది. ఈత తగ్గిస్తుంది. ఒంట్లో కొత్త మాంసకృత్తులు తయారు చేయడం, ఎదుగుదల, గుడ్లు పెట్టే పని వెనక్కి నెడుతుంది. కణాల్లో ఉప్పును తోడే పంపుల ఖర్చు చాలా పెద్దది. ఓర్చుకోగల చేపలు ఆ పంపుల వేగాన్ని కూడా తగ్గిస్తాయి. మెదడు, గుండె మాత్రం ఆగకుండా చూసుకుంటాయి. గల్లాపెట్టెలోని ఫాస్పోక్రియాటిన్ వాడుకుంటాయి. తర్వాత నిల్వ ఉన్న గ్లైకోజన్‌ను ఆక్సిజన్ లేకుండానే కాల్చుకుని ఆ రెండేసి ఏటీపీలతో నెట్టుకొస్తాయి. ఆ సమయంలో లాక్టిక్ ఆమ్లం పెరుగుతూ పోతుంది. ఏటీపీ రాబడి ఖర్చుకు సరిపోని క్షణంలో కణాల్లోకి ఉప్పు, నీళ్లు జొరబడి ప్రాణం పోతుంది.

ఇందులో అన్ని చేపలూ ఒకటి కావు. బొచ్చె, రవ్వ ఎక్కువసేపు తట్టుకోలేవు. మన కొర్రమీను దారి వేరు. దాని తలలో మొప్పల పైన గాలి నింపుకునే గది ఉంటుంది. అది పైకి వచ్చి నేరుగా గాలి మింగుతుంది. పైకి రానివ్వకుండా ఆపితే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మార్పు చేపకు అదే చోట చిన్న చెట్టు కొమ్మల్లాంటి అవయవం ఉంటుంది. అందుకే బురద మిగిలిన కుంటలో కూడా ఈ రెండూ బతికి ఉంటాయి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనే అన్న సంగతి మీకు తెలిసిందే.

చలిదేశాల క్రూషియన్ కార్ప్, మనం గాజుతొట్టెలో పెంచే గోల్డ్ ఫిష్ ఇంకో అడుగు ముందుకేశాయి. చలికాలంలో చెరువు మీద మంచు గడ్డకట్టి ఆక్సిజన్ పూర్తిగా లేకపోయినా క్రూషియన్ కార్ప్ నెలల తరబడి బతుకుతుంది. దాని కాలేయంలో గ్లైకోజన్ నిల్వ చాలా ఎక్కువ. అది లాక్టిక్ ఆమ్లాన్ని కండలోనే ఆల్కహాల్‌గా మార్చి మొప్పల గుండా నీళ్లలోకి వదిలేస్తుంది. గోల్డ్ ఫిష్ ఇలా చేస్తుందని 1980లో షూబ్రిడ్జ్, హోచాచ్కా ప్రకటించారు. దీనికి కావలసిన ఎంజైము ఒక పాత జన్యువు రెట్టింపై, ఆ రెండో ప్రతి కొత్త పని నేర్చుకోవడం వల్ల వచ్చిందని 2017లో నార్వే, ఇంగ్లండు శాస్త్రవేత్తలు తేల్చారు.

ఈ పరిశోధనలన్నిటిలో శాస్త్రవేత్తలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: కండలో ఏటీపీ ఎంత ఉంది, ఫాస్పోక్రియాటిన్ ఎంత మిగిలింది? హార్వర్డ్‌లో ఆ పరీక్షనాళిక దగ్గర మొదలైన ప్రశ్న అది.

మందుల తయారీలో చివరి ఎనిమిదేళ్లు

ఇంత పని చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీలో చేరి పరిశోధనకు నాయకత్వం వహించారు. అక్కడ తన బృందంతో కలిసి ఫోలిక్ ఆమ్లాన్ని 1945 నాటికి కృత్రిమంగా తయారు చేశారు. అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు పనికొచ్చే మందు అది. ఈ రోజు మన ఊరి అంగన్‌వాడీలో, ఆరోగ్య ఉపకేంద్రంలో గర్భిణులకు, బడిలో ఆడపిల్లలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను కూడా ఆయన బృందమే తయారు చేసింది. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గుతుందని 1948లో చూపించారు. క్యాన్సర్‌ను మందుతో లొంగదీయవచ్చన్న ఆశకు అది పెద్ద మలుపు. ఆ కుటుంబంలోనిదే అయిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆయన నాయకత్వంలోని సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది అదే.

బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా ఆయన హయాంలో వచ్చిందే. దాని పొట్టి పేరు డీఈసీ. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి తమ ఎదుటే మింగమని ఇచ్చిన ఆ మాత్ర మనలో చాలామందిమి మింగినవాళ్లమే. తల తిరుగుతుందని కొందరం దొంగచాటుగా పారేసిన వాళ్లమూ ఉన్నాం. దాని వెనుక భీమవరం కుర్రవాడు ఉన్నాడని అప్పుడు ఎవరికీ తెలియదు.

1948 ఆగస్టులో ఆయన నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. అప్పటికి 53 ఏళ్లు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. ఆయన శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు.

ఎవరు తీర్చిన బాకీ?

ఆయన కథలో ఒక భాగాన్ని చాలా వ్యాసాలు ఒక్క వాక్యంతో దాటేస్తాయి. 1922లో ఓడ ఎక్కిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. భార్య శేషగిరి గారు ఇరవై ఆరేళ్లు ఎదురు చూశారు. చివరికి వచ్చింది చావు కబురు. ఏటీపీ పేరు చదివినప్పుడల్లా మనం ఫిస్కేను, లోమన్‌ను తలుచుకుంటాం. వెంకమ్మ గారిని, శేషగిరి గారిని ఎవరూ తలుచుకోరు. ఆయన మీద నింద వేయడానికి ఈ మాట రాయడం లేదు. ఊపిరి చాలని చోట ఒకరు నెగ్గుకొస్తే ఆ బాకీ ఎక్కడో ఒకచోట పేరుకుంటుందని ఆయన చదివిన శాస్త్రమే చెబుతోంది. ఆయన విషయంలో అది ఆ ఇంటి ఆడవాళ్ల మీద పేరుకుంది.

మన ఇళ్లలో కూడా అంతే. అన్న చదువు కోసం చెల్లె బడి మానేసి పత్తి ఏరడానికి పోతుంది. అమ్మ ఉపాధి హామీ పనికి ఒక పూట ఎక్కువ పోతుంది. ఈ హాస్టల్ నుంచి పోయి ఉద్యోగాల్లో కుదురుకున్న ప్రతి ఒక్కరి వెనుకా ఇలాంటి పద్దు ఒకటి ఉంటుంది.

కాబట్టి పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. ప్రతి ఏడాది పదో తరగతిలో ఒకటో రెండో సబ్జెక్టులు తప్పే పిల్లలు ఉంటారు. వాళ్లకు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఎండాకాలంలోనే వస్తుంది. సరిగ్గా అప్పుడే హాస్టల్ మూసి ఉంటుంది. పిల్లవాడు ఇంటికి పోతాడు, ఇంటి నుంచి కూలికి పోతాడు, కూలి నుంచి హైదరాబాదు పోతాడు. మళ్లీ పుస్తకం ముట్టడు. వాడికి చదువు రాక కాదు, ఆ నెల రోజులు ఊపిరి అందించేవాళ్లు లేక. చేపలు పైకి తేలిన తెల్లవారుజామున తెలిసిన మత్స్యకారుడు చూస్తూ కూర్చోడు. మోటారు పెట్టి కొత్త నీళ్లు తోడుతాడు, లేదా ఉన్న నీళ్లనే ఎగజిమ్మి గాలి కలుపుతాడు. ఎండ వచ్చేదాకా నిలబెడితే చాలని అతనికి తెలుసు.

మనం చేయగలిగింది కూడా అంతే. మే నెలలో మండల కేంద్రంలో ఒక గది చూసుకుని, లెక్కలు ఒకరు, సైన్సు ఒకరు, ఇంగ్లీషు ఒకరు సాయంత్రం పూట చెప్పగలిగితే చాలు. సైన్సు చెప్పడానికి నేను వస్తాను. ఫీజు కట్టడానికి ఇబ్బంది పడే పిల్లల పేర్లు వార్డెన్ సార్ దగ్గర ఉంటాయి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీలో ఎవరైనా ఈసారి తప్పితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మెట్రిక్ రెండుసార్లు తప్పిన పిల్లవాడే ప్రతి ప్రాణి ఊపిరి ఖర్చుకు లెక్క చూపించాడు. అయితే మూడోసారి రాయడానికి ఆయనకు తల్లి మెడలోని బంగారం కావలసి వచ్చింది. మీకు ఆ అవసరం రాకుండా చూడడం మా పని. మళ్లీ పరీక్షకు కూర్చోవడం మీ పని.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, జంతుశాస్త్రం పీజీ, మొగుళ్లపల్లి